ఎలీషా ఓటిస్

బరువును పైకెత్తుట మానవుడు అతిప్రాచీన కాలముననే నేర్చిన విద్య. తెలంగాణమునందలి మోటబావులను ఎరిగినవారికి ఈ విద్య సుపరిచితమే. ఎడ్లు పల్లమునకు దిగుచుండగా మోకు గిలకపై జారెడిది. నీటితో నిండిన బొక్కెన బావిలోనుండి పైకి వచ్చెడిది. గోలకొండ కోటయందు దిగువ నుండి ఎగువకు, అచటినుండి మరింత ఎగువకు చక్రముల సాయమున నీటిని ఎక్కించిరి. గుడి గోపురములకు రాళ్లను, కోట బురుజులకు ఫిరంగులను పూర్వులు త్రాళ్లతోను గిలకలతోను చేర్చిరి.

కాని ఈ పనులన్నిటికిని ఆధారము ఒక్క త్రాడే. మోకు తెగినచో బొక్కెన బావిలో పడును. రైతు మరియొక మోకు తెచ్చుకొనును. నష్టము అంతటితో తీరును. ఆ త్రాటికి మనుష్యుడే వ్రేలాడుచున్నచో తీరెడి నష్టము కాదది. కావుననే వేల సంవత్సరములు మానవుడు వస్తువులను యంత్రములతో పైకెత్తెనే గాని, తాను మాత్రము చాలవరకు మెట్లెక్కియే పోవుచుండెను. ఈ భయమును తొలగించి, ఎత్తైన మేడలకు దారి చూపిన మహాశిల్పి ఎలీషా గ్రేవ్స్ ఓటిస్.

ఓటిస్ అమెరికా సంయుక్త రాష్ట్రములలో వెర్మాంటు రాష్ట్రమునందలి హాలిఫాక్స్ అను గ్రామమున 1811వ సంవత్సరము ఆగష్టు 3వ తేదీన జన్మించెను. తండ్రి పేరు స్టీఫెన్ ఓటిస్. తల్లి పేరు ఫీబీ. వారి ఆరుగురు బిడ్డలలో ఎలీషాయే కడపటివాడు. వెర్మాంటు కొండల దేశము. చలికాలమున అచట మంచు విస్తారముగా కురియును. ఆ సీమలో జీవించువారికి శ్రమించుట ఉగ్గుపాలతో అలవడును. ఎలీషాకు సేద్యమునందు మనసు నిలువలేదు. పందొమ్మిదేండ్ల ప్రాయమున అతడు ఇల్లు విడిచి పోయి, కొంతకాలమునకు న్యూయార్కు రాష్ట్రమునందలి ట్రాయ్ పట్టణమున స్థిరపడెను.

అచట అతడు ఐదు సంవత్సరములు బండి తోలి జీవించెను. గుఱ్ఱపుబండ్లపై సరకులు చేరవేయుట అతని వృత్తి. గతుకుల బాటలపై బండి ఊగునపుడు ఆ ఊపును తనలో ఇముడ్చుకొని బరువును కాపాడునది ఇనుప కమాను. దాని స్వభావము, శక్తి బండి తోలువానికి తెలిసినట్లు మరియొకనికి తెలియవు. ఈ ఎరుక తనకు ఒకనాడు ఎట్లు ఉపకరింపనున్నదో ఆ యువకుడు ఊహించియుండడు.

1834లో ఓటిస్ సూసన్ హాటన్ అను కన్యను వివాహమాడెను. ఆ సంవత్సరముననే అతనికి ఊపిరితిత్తుల జబ్బు తీవ్రముగా సోకి ప్రాణముమీదికి వచ్చెను. ఎట్లో కోలుకొని, కూడబెట్టిన స్వల్ప ధనముతో, భార్యను పసివాడగు కుమారుని వెంటబెట్టుకొని అతడు తిరిగి వెర్మాంటు కొండలకు వచ్చెను. అచట గ్రీన్ నది ఒడ్డున నీటి ఒరవడితో నడచు పిండిమరను స్వయముగా రూపొందించి కట్టెను. మర చక్కగా నడచెను గాని రాబడి చాలలేదు. దానిని కలపకోత మరగా మార్చెను. అప్పటికిని గిరాకీ రాలేదు. పిమ్మట బండ్లు తయారుచేయసాగెను. ఆ పనియందు అతని నేర్పు కొంత రాణించెను. ఇంతలో భార్య మరణించెను. ఎనిమిదేండ్ల చార్లెసు, ఇంకను పసివాడైన నార్టన్ తల్లిలేని బిడ్డలైరి.

ఓటిస్ 34 ఏండ్ల వయసున ఎలిజబెత్ బాయిడ్ అను ఆమెను వివాహమాడి ఆల్బనీ నగరమునకు కాపురము మార్చెను. అచట ఒక మంచముల కర్మాగారమున పనికి కుదిరెను. ఆ రోజులలో ఒక పనివాడు దినమంతయు శ్రమించినను పండ్రెండు మంచపు పట్టెలను మించి చేయజాలకుండెను. ఒకే పనిని మరల మరల చేయుట ఓటిస్‌కు విసుగు గొలిపెను. విసిగినవారు పలువురు పని మానుదురు. ఓటిస్ అట్లు చేయక, పట్టెలను తనంతట చెక్కెడి యంత్రమును నిర్మించెను. అది దినమునకు ఏబది పట్టెలను తయారుచేయసాగెను. యజమాని సంతోషించి అతనికి 500 డాలర్లు బహుమానముగా నొసగెను.

ఆ ధనముతో ఓటిస్ స్వంత కార్ఖానా పెట్టెను. ఊరి ప్రక్కన పారు వాగునీటి బలముతో అతని యంత్రములు తిరుగుచుండెను. రైలుబండిని తటాలున నిలుపగల బ్రేకును, తనంతట రొట్టెలు కాల్చు పొయ్యిని నిర్మింపవలెనని అతడు ప్రయోగములు చేయుచుండెను. ఇంతలో మరియొక దెబ్బ తగిలెను. పెరుగుచున్న ఆల్బనీ నగరమునకు మంచినీరు కావలసి వచ్చెను. నగరాధికారులు ఆ వాగునీటిని ఊరి అవసరమునకు మళ్లించిరి. నీరు లేని కార్ఖానా నిలిచిపోయెను. నలుబదియవ పడిలో అడుగిడునాటికి ఓటిస్ మరల కూలివాడయ్యెను.

1851లో అతడు న్యూజెర్సీ రాష్ట్రమునందలి బెర్గెన్ పట్టణమునకు, పిదప హడ్సన్ నదీతీరమునందలి యాంకర్స్ పట్టణమునకు చేరెను. యాంకర్సులో పాడుపడిన ఒక కోతమిల్లును మంచముల కర్మాగారముగా మార్చుట అతనికి అప్పగింపబడిన పని. మిల్లులోని సామగ్రిని పై అంతస్తులకు చేర్చవలసి వచ్చెను. అట్టి పనులకు త్రాటితో పైకెత్తు వేదికలు అప్పటికే వాడుకలో నుండెను. కాని వాని త్రాళ్లు తరచుగా తెగుచుండెను. తెగినప్పుడెల్ల వేదికపైనున్న సరకో, క్రిందనున్న మనుష్యుడో బలియగుచుండిరి. తనవద్ద పనిచేయువారిని అట్టి ప్రమాదమునకు గురిచేయుట ఓటిస్‌కు ఇష్టము లేకుండెను.

ఇచటనే అతని బుద్ధివిశేషము గమనింపదగినది. త్రాటిని మరింత లావుగా పేనవలెనని తలచువారు కొందరు; రెండు త్రాళ్లు కట్టవలెనని తలచువారు మరికొందరు. త్రాడెంత లావైనను ఏనాటికైనను అరిగి తెగునని ఓటిస్ ముందుగానే ఒప్పుకొనెను. త్రాడు తెగకుండ చేయుట ఎట్లు అను ప్రశ్నను విడిచి, తెగిన క్షణమున వేదిక పడకుండ చేయుట ఎట్లు అను ప్రశ్నను అతడు చేపట్టెను.

అతడు తన కుమారులతో గూడి పన్నిన ఉపాయము మిక్కిలి సులభమైనది. వేదిక ఇరువైపుల నిలువు స్తంభములకు రంపపు పండ్లవంటి పండ్లు గల పట్టీలను బిగించెను. వేదిక నెత్తిపై బండి కమానును అమర్చి, దాని నడుమ త్రాటిని కట్టెను. వేదిక బరువునకు త్రాడు లాగబడియున్నంతవరకు కమాను వంగియుండును. దాని కొనలు పండ్లకు తగులక ఎడముగా నుండును. వేదిక నిరాటంకముగా పైకి క్రిందికి తిరుగును. త్రాడు తెగెనా, వంచియుంచు బలము తొలగును. కమాను తటాలున చాచుకొనును. దాని కొనలు రెండు ప్రక్కల పండ్లలో దిగబడి వేదికను ఉన్నచోటనే పట్టి నిలుపును. ప్రమాదమును కలిగించు కారణమే ప్రమాదమును వారించు సాధనమును కదల్చుచున్నది. ఎవ్వరును మీట నొక్కనక్కరలేదు, ఎవ్వరును కేకవేయనక్కరలేదు. ట్రాయ్ బాటలపై అతడు తోలిన బండి, వెర్మాంటులో అతడు చేసిన బండి, ఆల్బనీలో అతడు తలపోసిన రైలు బ్రేకు, వ్యర్థములని తోచిన ఆ అనుభవములన్నియు ఈ ఒక్క సాధనమున ఫలించెను.

ఆశ్చర్యమేమనగా, తాను చేసినది గొప్ప పని అని ఓటిస్‌కే తోచలేదు. యజమానిని బహుమానము అడుగలేదు. ఆ సాధనముపై హక్కు పొందుటకు దరఖాస్తు పెట్టలేదు. మంచముల కర్మాగారము క్షీణించెను. ఆ కాలమున కాలిఫోర్నియాలో బంగారము దొరకుచున్నదని వేలకొలది జనులు అచటికి తరలుచుండిరి. ఓటిస్ కూడ ప్రయాణమునకు ఆలోచించుచుండెను. అట్టి సమయమున, 1853వ సంవత్సరము సెప్టెంబరులో, ఒక వర్తకుడు సరకులెత్తు లిఫ్టులు రెండు కావలెనని కోరెను. ఓటిస్ ప్రయాణము మానుకొని, యాంకర్సులోనే లిఫ్టుల కార్ఖానాను స్థాపించెను.

ఐనను తరువాత కొన్ని నెలలు అడిగినవారు లేరు. వస్తువు మంచిదగుట చాలదు. అది మంచిదని జనులు నమ్మవలెను. త్రాడు తెగినను పడని లిఫ్టు కలదనిన నమ్ముటకు ఎవ్వరికిని ధైర్యము చాలలేదు. నోటిమాటచే నమ్మకము కలుగదని గ్రహించి ఓటిస్ తన ప్రాణమునే సాక్ష్యముగా నిలుపదలచెను.

ఆ దినములలో న్యూయార్కు నగరమున క్రిస్టల్ ప్యాలెస్ అను అద్దాల మందిరమున గొప్ప పారిశ్రామిక ప్రదర్శనము జరుగుచుండెను. 1854లో ఓటిస్ అచట తన లిఫ్టును నిలిపెను. జనులు గుమిగూడిరి. అతడు సరకులతో నిండిన వేదికపై తానును నిలిచి, అందరికిని కనబడునంత ఎత్తునకు దానిని ఎత్తించెను. పైన త్రాటి ప్రక్క గొడ్డలితో ఒకడు సిద్ధముగా నుండెను. ఓటిస్ ఆజ్ఞాపింపగానే వాడు ఉన్న ఒక్క త్రాటిని నరికివేసెను. చూచుచున్నవారి గుండెలు ఝల్లుమనెను. వేదిక కొన్ని అంగుళములు మాత్రము దిగి, దిగ్గున నిలిచిపోయెను. ఓటిస్ చెక్కుచెదరక నవ్వుచు నిలుచుండెను. ఈ ప్రదర్శనమును అతడు మరల మరల చేసి చూపెను. పరుల ప్రాణములను ఏ యంత్రమునకు అప్పగింపగోరెనో, దానికి తన ప్రాణమును మొదట అప్పగించిన ధీరుడతడు.

నాటినుండి ఏటేట గిరాకీ పెరిగెను. తొలుత కొన్నవారందరును సరకులకొరకే కొనిరి. 1857వ సంవత్సరము మార్చి 23వ తేదీన న్యూయార్కు బ్రాడ్వే వీధిలో హావౌట్ అను వర్తకుని ఐదంతస్తుల దుకాణమున మనుష్యులు ఎక్కు లిఫ్టును ఓటిస్ నెలకొల్పెను. పింగాణి పాత్రలు, అద్దపు సామానులు అమ్మెడి దుకాణమది. ఆవిరి యంత్రము దానిని నడిపెడిది. దాని వేగము నిమిషమునకు 40 అడుగులు మాత్రమే. మెట్లెక్కువాడు దానిని సులభముగా మించిపోగలడు. ఐనను ఆనాడు అది ప్రజలకు వింత. భయమును విడిచి మనుష్యులు యంత్రముపై అంతస్తులెక్కిన కాలము ఆరంభమయ్యెను.

కీర్తి వచ్చినను ఓటిస్ విశ్రమింపలేదు. పాత తలపులను మరువలేదు. ఆవిరితో నడచు నాగలికి 1857లోను, రొట్టెలు కాల్చు తిరుగుడు పొయ్యికి 1858లోను, పెద్దకుమారునితో గూడి ఒక క్రొత్తరకపు ఆవిరి యంత్రమునకు 1860లోను అతడు హక్కులు సంపాదించెను. తన లిఫ్టునకు హక్కుపత్రము 1861 జనవరి 15న లభించెను. కాని ఆ భాగ్యమును చిరకాలము అనుభవించుటకు అతనికి ఆయువు లేకుండెను. గొంతునకు సోకు డిఫ్తీరియా వ్యాధిచే 1861 ఏప్రిల్ 8వ తేదీన, తన నలుబది తొమ్మిదవ ఏట, ఓటిస్ పరమపదించెను. నాలుగు దినములకే అమెరికాలో అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. ఆ కల్లోలమున ఒక యాంత్రికుని మరణమును తలచుకొనుటకు దేశమునకు తీరిక లేకపోయెను.

కుమారులు చార్లెసు, నార్టనులు తండ్రి పనిని వదలలేదు. వారు సంస్థను ఓటిస్ సోదరుల పేర నడిపి వృద్ధికి దెచ్చిరి. పారిస్ నగరమున 1889లో నిర్మింపబడిన ఈఫిల్ గోపురమున, వంపుగానున్న కాళ్లలో నడచెడి లిఫ్టులు కొన్నిటిని ఆ సంస్థయే సమకూర్చెను. లిఫ్టు రాకకు పూర్వము పట్టణములలో మేడలు ఐదారు అంతస్తులకు మించకుండెను. పై అంతస్తులకు మెట్లెక్కుట ప్రయాస గనుక అచటి గదులు బీదలకు తక్కువ అద్దెకు దొరకెడివి. లిఫ్టు వచ్చిన పిదప గాలియు వెలుతురును గల పై అంతస్తులే ధనికులకు ప్రియమయ్యెను. ఉక్కు చట్రము మేడకు బలమునిచ్చెను. లిఫ్టు దానికి దారినిచ్చెను. ఈ రెండును కలిసినందుననే ఆకాశమునంటు భవనములు వెలసెను.

మన హైదరాబాదు నగరమున పురానీ హవేలీలో ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని సుదీర్ఘమైన బట్టల బీరువా ప్రక్కన చేతితో త్రిప్పెడి కొయ్య లిఫ్టు ఒకటి నేటికిని చూడవచ్చును. ఆనాడు రాజులకే లభించిన ఆ సౌకర్యము ఈనాడు మెట్రో స్టేషనులందు, ఆసుపత్రులందు, విమానాశ్రయమందు సామాన్యులకు సయితము అందుచున్నది.

మనుష్యులనే గాక మోటారు కార్లను ఎత్తు లిఫ్టులును వచ్చినవి. 1925లో అమెరికాలోని మెంఫిస్ నగరమున పీటర్ లునాటి అను యాంత్రికుడు నూనె ఒత్తిడితో కారును పైకెత్తు సాధనమును కనుగొనెను. దీనికి మూలము 17వ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు పాస్కల్ తెలిపిన సూత్రము. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా వ్యాపించును. చిన్న ముషలకముకంటె పెద్ద ముషలకపు వైశాల్యము ఏబది రెట్లున్నచో, చిన్నదానిపై 40 కిలోల బరువు మోపి పెద్దదానిపై 2,000 కిలోల బరువును ఎత్తవచ్చును. ఐతే పెద్దది ఒక అంగుళము లేచుటకు చిన్నది ఏబది అంగుళములు కదలవలెను.

2008లో శంషాబాదున విమానాశ్రయము వెలసిన పిదప బాలాపూరు మొదలగు పరిసర గ్రామములు నగరములో కలిసిపోవుచున్నవి. ఇండ్లు పెరుగుచున్నవి, కార్లు పెరుగుచున్నవి, స్థలము మాత్రము పెరుగుట లేదు. ఒక కారు నిలుచుచోట రెండింటిని ఒకదానిపై నొకటి నిలుపుటకు ఇంటి గారేజీలో లిఫ్టును అమర్చుకొనుట ఒక ఉపాయము. దానిని ఎన్నుకొనువారు మొదట కొలతలు చూచుకొనవలెను. క్రింది కారు ఎత్తు, పై కారు ఎత్తు, లిఫ్టు పలకల మందము, కొంత ఎడము, వీని మొత్తమునకు తగినంత ఎత్తున పైకప్పు ఉండవలెను. ఒక్కొక్క కారు ఐదడుగులెత్తున్నచో పదడుగుల పైకప్పు చాలదు. కారును నిలిపియుంచుటకు నాలుగు స్తంభముల లిఫ్టు అనుకూలము. చక్రములు వ్రేలాడవిడిచి మరమ్మతు చేయుటకు రెండు స్తంభముల లిఫ్టు అనుకూలము. కారు బరువుకంటె లిఫ్టు ఎత్తగల బరువు మిక్కిలి అధికముగా నుండవలెను. పునాది విషయమున అశ్రద్ధ పనికిరాదు. తయారుచేసినవారు చెప్పిన మందమున, ఇనుప కమ్ములు వేసి, కాంక్రీటు నేలను పోయించి, అది పూర్తిగా గట్టిపడిన పిదపనే స్తంభముల బోల్టులను బిగింపవలెను. మట్టి నింపి చదును చేసిన నేల అయినచో అది దిగబడకుండ ముందు గట్టిగా దిమ్మిస చేయింపవలెను. నగిషీ బండలపై స్తంభములను నిలుపరాదు.

ఇన్నిటికంటె ముఖ్యమైనది తాళపు పళ్లెము. నూనె గొట్టము పగులవచ్చును. ఇనుప త్రాడు అరుగవచ్చును. అందుచే మంచి కారు లిఫ్టు స్తంభములలో వరుసగా గండ్లుండును. లిఫ్టు లేచుచున్నప్పుడు ఉక్కు మేకు ఒక్కొక్క గండిలో టక్కుటక్కున పడుచుండును. కావలసిన ఎత్తునకు చేరిన పిదప లిఫ్టును కొంచెము దింపి, బరువంతయు ఆ మేకులపై ఆనునట్లు చేయవలెను. నూనెపై నమ్మకముంచి కారు క్రిందికి ఎన్నడును పోరాదు. ఎత్తునది ఒకటి, పట్టి నిలుపునది వేరొకటి ఉండవలెనను ఈ నియమము యాంకర్సులోని పాత మిల్లులో బండి కమానుతో ఓటిస్ స్థాపించినదే.

ఓటిస్ పెద్ద చదువులు చదివినవాడు కాడు. పిండిమర నడువలేదు, కోతమర నడువలేదు, ఉన్న వాగునీరు మళ్లింపబడెను, భార్య మరణించెను, దేహము జబ్బుపడెను. ఇన్ని దెబ్బలు తగిలినను అతడు ఒక పనినుండి నేర్చినదానిని మరియొక పనికి మోసికొని పోయెను. పనివారి ప్రాణములు అమూల్యములని తలచినందుననే అతనికి ఆ ఉపాయము తోచెను. నేడు లిఫ్టులో నిలిచి మీటనొక్కువారిలో అతని పేరు తలచువారు అరుదు. తలచకపోయినను వారు నిర్భయముగా పైకి పోవుచున్నారు. ఆ నిర్భయమే అతనికి తగిన స్మారకచిహ్నము.